బ్యాలెన్స్ ఛార్జర్ మొరాయిస్తే: ఇంట్లో రిపేర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) కార్లు, విమానాలు, డ్రోన్ల బ్యాటరీలను, లోపలి సెల్‌లన్నీ సమానంగా నిండేలా ఛార్జ్ చేసే బ్యాలెన్స్ ఛార్జర్ల మీద మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం. మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉండేది ఐమ్యాక్స్ బీ6 తరహా ఛార్జర్: రెండు వరుసల తెర, నాలుగు బటన్లు, పక్కన ఒక్కో సెల్ వోల్టేజ్ చూసే తెల్లటి బ్యాలెన్స్ సాకెట్లు. లెక్కలన్నీ దాన్ని బట్టే వేశాం. దాని ఇన్‌పుట్ 11 నుంచి 18 వోల్టులు, ఛార్జింగ్ గరిష్ఠంగా 5 ఆంపియర్లు, 50 వాట్లు. డిశ్చార్జ్ 5 వాట్లే. మీది వేరే మోడల్ అయితే లేబుల్ మీది అంకెలు పెట్టి లెక్క వేసుకోండి.

"పాడైంది" అనుకునే ఛార్జర్లలో చాలావాటికి జబ్బు డబ్బా బయటే ఉంటుంది. అడాప్టరో, కేబులో, మెనూలో ఒక సెట్టింగో అయి ఉంటుంది. అందుకే స్క్రూడ్రైవర్ చివర్న తీయాలి.

## విప్పకముందు

రిపేర్ మొదలుపెట్టాలంటే ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

ముందుగా డయోడ్ మోడ్, బీప్ మోడ్ ఉన్న మల్టీమీటర్. తర్వాత వేడి తగ్గించి పెంచుకునే 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డర్, ఫ్లక్స్, సోల్డర్ పీల్చే రాగి జడ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్. వీటితోపాటు ఆటో స్పేర్స్ షాపులో దొరికే 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బులు రెండు కొని, వాటికి వైర్లు సోల్డర్ చేసి ఉంచుకోండి. ఈ పనిలో మీటర్ తర్వాత ఎక్కువ అక్కరకొచ్చేవి అవే. పరీక్షకు యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి ఉంటే మంచిది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు విడిభాగాలు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

ఇంట్లో ఛార్జర్ విప్పడం ప్రమాదం కాదా?

ఏ రకమో చూసుకోవాలి. 12 వోల్టుల ఇన్‌పుట్ మాత్రమే ఉన్న ఛార్జర్‌లో షాక్ భయం లేదు. బ్యాటరీ తీసేసి విప్పితే చాలు. కరెంటు ప్లగ్ నేరుగా డబ్బాకే వచ్చే మోడల్ సంగతి వేరు. మన 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారి దాదాపు 325 వోల్టులు అవుతుంది. ప్లగ్ తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో అది నిలిచే ఉంటుంది. 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టి, కెపాసిటర్ రెండు కాళ్ల మీద పది సెకన్లు ఆనించి, మీటర్‌తో 10 వోల్టుల కంటే తక్కువకు దిగిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఖాళీ చేసే అలవాటు వద్దు. మెరుపుతోపాటు కెపాసిటర్ కాలు, బోర్డు ట్రాక్ (రాగి గీత) కూడా పోతాయి. ఏసీ వైపు పని ఎప్పుడూ చేయనివాళ్లు ఆ భాగం జోలికి వెళ్లకుండా డీసీ వైపు వరకే ఆగడం మంచిది.

## అసలు ఆన్ కావట్లేదు

ప్లగ్ పెట్టినా తెర వెలగట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోడ దగ్గర నుంచి ఛార్జర్ వైపు నడవండి. అడాప్టర్ ప్లగ్ కొన మీద మీటర్ పెట్టి చూడండి. లోపలి రంధ్రం ప్లస్‌గా 12 వోల్టుల దరిదాపుల్లో రావాలి. వస్తే ప్లగ్ కొలత చూడండి. 5.5 మిల్లీమీటర్ల ప్లగ్‌లలో లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 పిన్ ఉన్న సాకెట్లో 2.5 ప్లగ్ దూరుతుంది గానీ లూజుగా ఆడుతుంది, కదిలిస్తే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. ప్లగ్ సరైనదే అయితే అడాప్టర్ వైరును ప్లగ్ మెడ దగ్గర అటూ ఇటూ వంచి చూడండి. తీగ తెగేది ఎక్కువగా అక్కడే.

ఇవన్నీ బాగుండి కూడా తెర చీకటిగానే ఉంటే, ఛార్జర్‌ను 12 వోల్టుల బ్యాటరీకి 21 వాట్ల బల్బు ద్వారా కలపండి. బల్బు ప్లస్ వైరు మధ్యలో ఉండాలి. బల్బు నిండుగా వెలిగితే లోపల షార్ట్ ఉన్నట్టు. బల్బు వెలగక, తెర కూడా రాకపోతే ఎక్కడో దారి తెగింది: ఫ్యూజు, ఇన్‌పుట్ సాకెట్ సోల్డర్, ఇన్‌పుట్ మాస్‌ఫెట్ (కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్), లేదా 5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్.

అడాప్టర్ 12 వోల్టులు చూపిస్తోంది. కానీ ఛార్జ్ మొదలవగానే ఛార్జర్ ఆరిపోతోంది, ఎందుకు?

లోడ్ లేనప్పుడు చూపే 12 వోల్టులను నమ్మొద్దు. ఛార్జర్ 50 వాట్లు ఇవ్వాలంటే నష్టాలు కలుపుకొని దాదాపు 60 వాట్లు లాగుతుంది, అంటే 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. వైఫై రౌటర్‌దో సెట్‌టాప్ బాక్సుదో అడాప్టర్ పెడితే అది 1 లేదా 2 ఆంపియర్లదే. తెర వెలిగించగలదు గానీ ఛార్జ్ చేయలేదు. అలాంటిదే ఉంటే కరెంటు తగ్గించి వాడుకోండి. 2 ఆంపియర్ల అడాప్టర్ మీద 3ఎస్ లైపోను (మూడు సెల్‌లు వరుసగా ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీని) 1.5 ఆంపియర్ల వరకే పెట్టాలి.

5 ఆంపియర్ల అడాప్టరే అయితే ఇండికేటర్ బల్బుతో పరీక్షించండి. ఒక 21 వాట్ల బల్బు కలిపితే 1.75 ఆంపియర్లు, దాని పక్కన రెండోది కలిపితే 3.5 ఆంపియర్లు పోతాయి. ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి కలపండి, ఎందుకంటే చల్లగా ఉన్న ఫిలమెంట్ మొదటి క్షణంలో చాలా ఎక్కువ లాగుతుంది. రెండు బల్బుల మీద వోల్టేజ్ 11.5 దాటి నిలబడితే అడాప్టర్ బాగున్నట్టే. తొమ్మిదికో పదికో జారితే జబ్బు దానిదే.

కారు బ్యాటరీ మీద వాడుతూ ఇదే సమస్య వస్తే, మెనూలో ఇన్‌పుట్ వోల్టేజ్ కనిష్ఠ పరిమితి చూడండి. అది 11 దగ్గర ఉంటే, బ్యాటరీ దిగి ఉన్నప్పుడు సన్నటి క్లిప్ వైర్లలో పడిపోయే అర వోల్టే ఛార్జర్‌ను ఆపేస్తుంది.

ల్యాప్‌టాప్ అడాప్టర్ ఖాళీగా ఉంది, వాడొచ్చా?

చాలా ల్యాప్‌టాప్ అడాప్టర్లు 19 లేదా 19.5 వోల్టులు ఇస్తాయి. బీ6 తరహా ఛార్జర్ హద్దు 18. కొన్ని "ఇన్‌పుట్ వోల్ ఎర్రర్" అని ఆగుతాయి, కొన్ని కొన్నాళ్లు పనిచేసి ఇన్‌పుట్ కెపాసిటర్‌నో మాస్‌ఫెట్‌నో బలి ఇస్తాయి. లేబుల్ మీద 18 అని ఉంటే 18కి లోపే వాడండి.

ఇన్‌పుట్‌లో ప్లస్, మైనస్ తారుమారు చేశాను. ఇక పోయినట్టేనా?

చాలా బోర్డులలో దీన్ని అడ్డుకునే డయోడో మాస్‌ఫెట్టో ఇన్‌పుట్ దగ్గర ఉంటుంది. పొగ, వాసన రాకపోతే సరిగ్గా తిప్పి, బల్బు ద్వారా కలిపి చూడండి. మామూలుగా ఆన్ అయితే బతికినట్టే. ఆన్ కాకపోతే ముందుగా చూడాల్సింది ఆ రక్షణ భాగాన్నే. దాన్ని తీసేసి వైరుతో కలిపేసి "బాగైంది" అనుకుంటారు కొందరు. రెండోసారి తారుమారైతే బోర్డంతా పోతుంది.

తెర లైటు వెలుగుతోంది కానీ అక్షరాలు లేవు. పై వరుసలో నల్ల గడులు మాత్రమే కనిపిస్తున్నాయి. తెర మార్చాలా?

అక్కర్లేదు. ఈ తరహా తెరకు కరెంటు అంది, ఆదేశాలు అందకపోతే ఒక వరుస నల్ల గడులు చూపిస్తుంది. అంటే తెర బతికే ఉంది, దానికి ఏం రాయాలో చెప్పాల్సిన ప్రాసెసర్ చెప్పట్లేదు. తెర వెనక పిన్నుల వరుసలో సోల్డర్ చిట్లిందేమో భూతద్దంతో చూసి, ఫ్లక్స్ వేసి మళ్లీ కరిగించండి. ఫలితం లేకపోతే ప్రాసెసర్‌కు వచ్చే 5 వోల్టులు కొలవండి. 4.8 నుంచి 5.2 మధ్య స్థిరంగా ఉండాలి. అది సరిగ్గా ఉండి కూడా నల్ల గడులే వస్తుంటే ప్రాసెసర్ పోయి ఉండొచ్చు, ఇంట్లో దానికి వైద్యం కష్టం.

## ఆన్ అవుతోంది, ఎర్రర్ చూపిస్తోంది

"కనెక్షన్ బ్రేక్" అని పదే పదే వస్తోంది. ఛార్జర్ లోపల తెగిందా?

నూటికి తొంభై పాళ్లు బయటే. బ్యాటరీకీ ఛార్జర్‌కూ మధ్య మెయిన్ లీడ్‌లో (లావు కేబుల్‌లో) ఎక్కడో దారి తెగింది. బ్యాలెన్స్ ప్లగ్ పెట్టి మెయిన్ ప్లగ్ మరిచిపోయినా ఇదే వస్తుంది. బ్యాటరీ లేకుండా లీడ్‌ను మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, అరటి ప్లగ్ (ఛార్జర్‌లోకి వెళ్లే గుండ్రటి బనానా ప్లగ్) నుంచి ఎక్స్‌టీ60 (బ్యాటరీ వైపు కనెక్టర్) పిన్ వరకు వైరును వంచుతూ చూడండి. బీప్ తెగితే దొరికినట్టే. అరటి ప్లగ్ రేకులు అణగిపోయి సాకెట్లో వదులుగా ఉంటే సన్నటి స్క్రూడ్రైవర్‌తో కాస్త విప్పదీయండి.

విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్దితే పైపైది పోతుంది. లోతుగా పట్టిన కనెక్టర్‌ను మార్చేయాలి.

"రివర్స్ పోలారిటీ" అంటోంది. నేను సరిగ్గానే పెట్టాను కదా?

రంగును నమ్మకుండా మీటర్‌ను నమ్మండి. అరటి ప్లగ్‌లను ఛార్జర్ నుంచి తీసి, బ్యాటరీని లీడ్‌కు కలిపి, వాటి మధ్య వోల్టేజ్ కొలవండి. రెండు కొనలూ ఒకదానికొకటి తగలకుండా ఒకటి టేపుతో చుట్టి ఉంచాలి. ఎర్ర ప్రోబ్ ఎర్ర ప్లగ్ మీద ఉండగా మీటర్ మైనస్ గుర్తు చూపిస్తే లీడ్‌నే తిరగేసి సోల్డర్ చేశారని అర్థం. చవక లీడ్‌లలో, ముఖ్యంగా టీ కనెక్టర్ ఉన్నవాటిలో, ఇది అరుదేమీ కాదు. లీడ్ సరిగ్గా ఉండి, ఇంకో బ్యాటరీతో కూడా ఇదే ఎర్రర్ వస్తే అవుట్‌పుట్ వోల్టేజ్ కొలిచే భాగం దెబ్బతిన్నట్టు.

కలిపే వరుస కూడా ముఖ్యమే. ముందు అరటి ప్లగ్‌లు ఛార్జర్‌లో, తర్వాత బ్యాటరీ. తీసేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లగ్‌లు. తలకిందులైతే చేతిలో వేలాడే రెండు ప్లగ్‌లు తగిలి బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది.

"సెల్ లో వోల్టేజ్" అని ఛార్జ్ చేయనంటోంది. ఎన్ఐఎంహెచ్ (నికెల్ బ్యాటరీల) మోడ్‌లో కాసేపు పెట్టి లేపొచ్చా?

ఛార్జర్ తన పని తాను చేస్తోంది, దాన్ని మోసం చేయొద్దు. బ్యాలెన్స్ ప్లగ్‌లో పక్కపక్క పిన్నుల మధ్య మీటర్‌తో ప్రతి సెల్‌నూ కొలవండి. మీటర్ 3 వోల్టుల పైన చూపిస్తూ ఛార్జర్ తక్కువ చూపిస్తే తప్పు ఛార్జర్‌ది లేదా దాని సాకెట్‌ది. మీటర్ కూడా 2.5 కంటే కింద చూపిస్తే తప్పు బ్యాటరీది. బాగా కిందికి దిగి చాలాకాలం ఉన్న లిథియం సెల్‌లో రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు లోపలే షార్ట్ అయ్యే వీలుంటుంది. ఎన్ఐఎంహెచ్ మోడ్‌లో సెల్ వోల్టేజ్ కాపలా ఉండదు. పైగా నిండిన లిథియం సెల్ వోల్టేజ్ 4.2 దగ్గర ఆపేవాళ్లూ ఉండరు.

ఒక సెల్ మాత్రం 0.00 చూపిస్తోంది. ఛార్జర్‌దా, బ్యాటరీదా?

అదే సాకెట్లో ఇంకో బ్యాటరీ పెట్టండి. అదే స్థానం సెల్ మళ్లీ సున్నా చూపిస్తే ఛార్జర్‌ది, లేకపోతే బ్యాటరీది. బ్యాటరీ వైపైతే జేఎస్‌టీ ఎక్స్‌హెచ్ అనే తెల్లటి బ్యాలెన్స్ ప్లగ్‌లోంచి ఒక పిన్ వెనక్కి జారి ఉంటుంది, లేదా సన్నటి వైరు ప్లగ్ దగ్గర తెగి ఉంటుంది. ఛార్జర్ వైపైతే సాకెట్ పిన్ సోల్డర్ చిట్లడం, లేదా ఆ పిన్ నుంచి వెళ్లే సన్నటి ట్రాక్ కాలిపోవడం. పక్కపక్క రెండు సెల్‌లలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ చూపించి, రెండూ కలిపితే సరిపోతుంటే ఆ రెండింటి మధ్య పిన్‌కే కాంటాక్ట్ లేదు.

"బ్రేక్ డౌన్", "కంట్రోల్ ఫెయిల్యూర్" అంటే?

ఛార్జింగ్ సర్క్యూట్ తన అదుపులో లేదని ఛార్జరే చెప్పడం. కేబుళ్లు మార్చి కాలం వృథా చేయొద్దు. బ్యాటరీ తీసేసి, డబ్బా విప్పి పవర్ మాస్‌ఫెట్‌లు చూడాల్సిందే.

## ఛార్జ్ అవుతోంది, ఏదో తేడాగా ఉంది

5 ఆంపియర్లు పెట్టినా తెర 2 ఆంపియర్లే చూపిస్తోంది. కరెంటు భాగం పోయిందా?

మీది 6ఎస్ బ్యాటరీ అయితే ఏమీ పోలేదు. 50 వాట్లను 25.2 వోల్టులతో భాగిస్తే వచ్చేది 2 ఆంపియర్లకు కాస్త తక్కువ. 4ఎస్‌కు నిండే దశలో 3 ఆంపియర్లు, 3ఎస్‌కు 4 ఆంపియర్లు. 5 ఆంపియర్లూ పూర్తిగా వచ్చేది 2ఎస్ వరకే. ఛార్జ్ చివర్లో కరెంటు మెల్లగా తగ్గిపోవడం కూడా మామూలే, అన్ని లిథియం బ్యాటరీలకూ అలాగే జరుగుతుంది.

2ఎస్ మీద, సగం ఖాళీ బ్యాటరీతో కూడా 2 దాటకపోతే అప్పుడు అనుమానించాలి. అడాప్టర్ కుంగుతోందా, లీడ్ వేడెక్కుతోందా చూడండి.

పెద్ద బ్యాటరీ సగంలోనే ఆగిపోతోంది. ఎందుకు?

ఈ ఛార్జర్లలో ఫ్యాక్టరీ నుంచే రెండు కాపలాలు పెట్టి ఉంటాయి: 120 నిమిషాల సేఫ్టీ టైమర్, 5000 ఎంఏహెచ్ కెపాసిటీ హద్దు. 8000 ఎంఏహెచ్ బ్యాటరీ పెడితే 5000 దగ్గర ఆగుతుంది. 2200 ఎంఏహెచ్ బ్యాటరీని అర ఆంపియర్‌తో పెడితే రెండు గంటలకు ఆగుతుంది. సెట్టింగ్స్‌లో టైమర్‌ను మీ లెక్కకు అరగంట ఎక్కువగా, కెపాసిటీని బ్యాటరీ కంటే ఓ పదో వంతు ఎక్కువగా పెట్టుకోండి. విసుగొచ్చి రెండూ ఆఫ్ చేయొద్దు. వోల్టేజ్ కొలిచే భాగం తప్పు చెప్పిన రోజున ఆపేది అవే.

డిశ్చార్జ్ పెడితే పూటలు పడుతోంది. అదీ లోపమేనా?

కాదు. డిశ్చార్జ్ శక్తి మొత్తం 5 వాట్లే. 3ఎస్ మీద మీరు 1 ఆంపియర్ పెట్టినా 0.45 దాటదు. నిండుగా ఉన్న 2200 ఎంఏహెచ్ బ్యాటరీని స్టోరేజ్ స్థాయికి (దాచిపెట్టడానికి తగిన సగం ఛార్జ్‌కు) దించడానికే రెండు గంటలు దాటుతుంది. తొందరైతే రెండు ఇండికేటర్ బల్బులను వరుసలో కలిపి 4ఎస్ వరకు దించుకోవచ్చు, కాకపోతే మీటర్ పట్టుకుని పక్కనే కూర్చోవాలి.

బ్యాలెన్స్ ఎంతకీ పూర్తి కావట్లేదు. ఒకే సెల్ ఎప్పుడూ వెనకబడుతోంది.

ఇంకో బ్యాటరీతో చూడండి. అప్పుడు సమస్య లేకపోతే పాత బ్యాటరీలో ఆ సెల్ నీరసించింది. ఏ బ్యాటరీ పెట్టినా అదే స్థానం సెల్ తగ్గుతుంటే, ఛార్జర్‌లో ఆ సెల్ బ్లీడ్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయ్యి ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోయింది. నిండిన సెల్ నుంచి కొంచెం కరెంటును రెసిస్టర్ ద్వారా కాల్చేయడమే దాని పని. అది మూతపడకపోతే ఆ సెల్ నిరంతరం కారుతూ ఉంటుంది.

పరీక్ష ఇలా. ఛార్జర్‌కు కరెంటు, బ్యాటరీ రెండూ తీసేయండి. మీటర్‌ను ఓమ్‌లలో పెట్టి, బ్యాలెన్స్ సాకెట్లో పక్కపక్క పిన్నుల మధ్య కొలవండి. ఎర్ర ప్రోబ్ ప్లస్ వైపు పిన్ మీద ఉండాలి. సెల్ సెల్‌కూ కాస్త తేడా ఉన్నా అన్నీ కిలో ఓమ్‌లలో రావాలి. ఒక్కచోట మాత్రం పది, ఇరవై ఓమ్‌లు వస్తే దొంగ దొరికినట్టే. బీ6 బ్లీడ్ 300 మిల్లీఆంపియర్లు, అంటే 4.2 వోల్టులకు రెసిస్టర్ సుమారు 14 ఓమ్‌లు. బాగు చేసే వరకు ఈ ఛార్జర్‌లో బ్యాలెన్స్ ప్లగ్ పెట్టి వదిలేయకండి. 2200 ఎంఏహెచ్ సెల్ నాలుగు గంటల్లో సగమైపోతుంది.

తెర 4.20 అంటోంది, మీటర్ 4.12 అంటోంది. ఏది నమ్మాలి?

ముందు మీటర్ బ్యాటరీ మార్చండి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ డీలా పడిన చవక మీటర్ చాలాసార్లు ఎక్కువ చూపిస్తుంది. వీలైతే ఇంకో మీటర్‌తో కూడా కొలవండి. రెండు మీటర్లూ ఏకమై ఛార్జర్‌ను కాదంటే తప్పు ఛార్జర్‌ది. అది ఎటువైపు తప్పుతోందన్నది ముఖ్యం. నిజంగా 4.12 ఉన్నప్పుడే 4.20 అని ఆపితే బ్యాటరీ కాస్త తక్కువ నిండుతుంది, అంతే. నిజంగా 4.28 ఉన్నప్పుడు 4.20 అంటుంటే ఆ ఛార్జర్‌ను ఈరోజే ఆపాలి.

ఎక్స్‌టీ60 కనెక్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. కరెంటు ఎక్కువైందా?

4 ఆంపియర్లకు ఎక్స్‌టీ60 గోరువెచ్చగా కూడా అవకూడదు. లోపల సోల్డర్ పైకి అంటినట్టు కనిపిస్తూ తీగకు పట్టలేదు. 0.05 ఓమ్‌ల అడ్డు ఉన్నా 4 ఆంపియర్లకు 0.8 వాట్ల వేడి అక్కడే పుడుతుంది, 0.2 వోల్టులు అక్కడే పోతాయి. ఆ 0.2 వల్ల ఛార్జర్ బ్యాటరీ నిండిందనుకుని ముందే కరెంటు తగ్గిస్తుంది, ఛార్జ్ సాగుతూనే ఉంటుంది. పాత సోల్డర్ పూర్తిగా తీసేసి, 14 గేజ్ సిలికాన్ వైరుతో మళ్లీ చేయండి. సోల్డర్ చేసేటప్పుడు జోడీ కనెక్టర్‌ను దానికి తగిలించి ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు వంకర పోవు. ఆ జోడీ బ్యాటరీది కాకూడదు, ఖాళీది కావాలి.

## డబ్బా విప్పాక

విప్పగానే ముందు ఏం చూడాలి?

వాసన, రంగు. మాడిన చోట బోర్డు గోధుమ రంగుకు తిరుగుతుంది, చిప్ మీద చిన్న గుంతో పగులో ఉంటుంది. ఉబ్బిన కెపాసిటర్లు, చిట్లిన సోల్డర్, బ్యాలెన్స్ సాకెట్ దగ్గర తెగిన ట్రాక్‌లు చూడండి. చీమలు గూడు పెట్టడం, బల్లి పడి చావడం మన ఊళ్లలో మామూలే, బ్రష్‌తో శుభ్రం చేసి ఆల్కహాల్‌తో తుడవండి.

చాలా మోడళ్లలో అల్యూమినియం డబ్బానే హీట్ సింక్. మాస్‌ఫెట్ వీపుకూ డబ్బాకూ మధ్య పల్చటి ఇన్సులేషన్ రేకు ఉంటుంది. విప్పేటప్పుడు అది ఏ పక్కన ఎలా ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మరిచిపోయి బిగిస్తే కొత్తగా షార్ట్ చేసినట్టవుతుంది.

మాస్‌ఫెట్ పోయిందని మీటర్‌తో ఎలా తెలుస్తుంది?

కరెంటు, బ్యాటరీ లేకుండా మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టండి. మాస్‌ఫెట్‌కు డ్రెయిన్, సోర్స్, గేట్ అని మూడు కాళ్లు, ఆన్ ఆఫ్ చేసేది గేట్. డ్రెయిన్, సోర్స్ మధ్య ఒకవైపు 0.4 నుంచి 0.6, ప్రోబ్‌లు తిప్పితే దారి లేనట్టు రావాలి. రెండువైపులా 0.05 లోపు వస్తే, బీప్ మోగితే షార్ట్. తర్వాత గేట్, సోర్స్ మధ్య కొలవండి. అక్కడ కూడా బీప్ మోగితే గేట్ చిల్లు పడింది. బోర్డులో పక్క భాగాలు కలిసి తప్పుదోవ పట్టించొచ్చు కాబట్టి, అనుమానం వచ్చినదాన్ని తీసి విడిగా మళ్లీ చూడండి. తీసేటప్పుడు కాళ్లను సన్నటి కట్టర్‌తో కోసి, వీపును విడిగా వేడి చేయడం తేలిక. మొత్తం ఒకేసారి పీకబోతే ట్రాక్ లేచి వస్తుంది.

కొత్త మాస్‌ఫెట్ వేశాను. ఆన్ చేయగానే అదీ పోయింది. ఎందుకు?

మొదటిది ఎందుకు పోయిందో చూడకపోవడం వల్ల. గేట్‌కు చిల్లు పడినప్పుడు అవుట్‌పుట్ వోల్టేజ్ గేట్ ద్వారా వెనక్కి వెళ్లి, దాన్ని నడిపే చిన్న ట్రాన్సిస్టర్లనూ గేట్ రెసిస్టర్‌నూ కాల్చేస్తుంది. అవి చూడ్డానికి బాగానే ఉంటాయి. కొత్త మాస్‌ఫెట్ సగం తెరుచుకుని, సగం మూసుకుని వేడెక్కి చస్తుంది. కాబట్టి గేట్ రెసిస్టర్ విలువ కొలవండి, దాని వెనక ట్రాన్సిస్టర్లను డయోడ్ మోడ్‌లో చూడండి, పక్కన ఉన్న పెద్ద షాట్కీ డయోడ్ షార్ట్ అయిందేమో చూడండి. మూడూ బాగుంటేనే కొత్తది వేసి, బల్బు ద్వారా కరెంటు ఇవ్వండి. బల్బు ఉంటే ఇంకా ఏదైనా తప్పున్నా రెండో మాస్‌ఫెట్ బతుకుతుంది.

అదే నంబర్ మాస్‌ఫెట్ దొరకట్లేదు. బదులు ఏది వేయాలి?

మొదట పీ ఛానెలా, ఎన్ ఛానెలా అన్నది సరిపోవాలి, ఇందులో రాజీ లేదు. తర్వాత కాళ్ల వరుస, డబ్బా ఆకారం. వోల్టేజ్ పాతదాని కంటే తగ్గకూడదు. 6ఎస్ ఛార్జర్‌లో 25.2 వోల్టులు తిరుగుతాయి, పైన స్పైకులు వస్తాయి, అందుకే 40 వోల్టులైనా ఉండాలి. ఆన్ రెసిస్టెన్స్ పాతదానికి సమానమో తక్కువో కావాలి. గేట్ 5 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే లాజిక్ లెవెల్ రకమా అని కూడా చూడండి.

బ్యాలెన్స్ సాకెట్ దగ్గర ట్రాక్ కాలిపోయింది. వైరు వేస్తే సరిపోతుందా?

వైరు వేయొచ్చు, కానీ ట్రాక్ ఎందుకు కాలిందో చూశాకే. ఎక్కువగా బ్యాలెన్స్ ప్లగ్‌ను ఒక పిన్ పక్కకు పెట్టినప్పుడో, మెయిన్ లీడ్ తిరగేసినప్పుడో ఇది జరుగుతుంది. అప్పుడు ఆ పిన్ వెంట ఉన్న బ్లీడ్ ట్రాన్సిస్టర్, చిన్న రెసిస్టర్లు కూడా దెబ్బతిని ఉంటాయి. పక్క సెల్ దారిలోని అవే భాగాలతో పోల్చి కొలవండి, ఒకే రకం దారులు ఆరు ఉంటాయి కాబట్టి పాఠం పక్కనే ఉంది. బాగు చేశాక సన్నటి ఎనామిల్ తీగ వాడండి. లావు తీగ వద్దు. ఇంకోసారి తప్పు జరిగితే ప్రాసెసర్ బదులు ఆ తీగ కాలడం మేలు.

అడాప్టర్ లోపల ఎక్కువగా పోయేది ఏది?

12 వోల్టుల వైపు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. తల ఉబ్బుతుంది, లోడ్ పెట్టగానే వోల్టేజ్ జారుతుంది. అదే మైక్రోఫారాడ్లు, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల తక్కువ ఈఎస్ఆర్ (లోపలి అడ్డు) రకం వేయాలి.

## రిపేర్ అయ్యాక

బాగు చేసిన ఛార్జర్‌కు నేరుగా లైపో పెట్టొచ్చా?

వద్దు. మొదట ఏ బ్యాటరీ లేకుండా, ఇన్‌పుట్‌లో 21 వాట్ల బల్బుతో ఆన్ చేయండి. బల్బు వెలగకుండా తెర వస్తే బల్బు తీసేయండి. రెండోది, 12 వోల్టుల 7 ఏహెచ్ యూపీఎస్ బ్యాటరీని లెడ్ మోడ్‌లో 0.7 ఆంపియర్లతో పెట్టండి. మధ్యలో మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, తెర చెప్పే కరెంటుతో పోల్చండి. బ్యాటరీ వోల్టేజ్ 15 దాటితే ఆపేయండి.

మూడోది, ఉబ్బని పాత 2ఎస్ లేదా 3ఎస్ లైపో, బ్యాలెన్స్ మోడ్‌లో అర ఆంపియర్‌తో. గచ్చు మీద, చుట్టూ కాలేవి లేని చోట, ఇసుక బకెట్ పక్కన పెట్టుకుని. చివరి అరగంట ప్రతి సెల్‌నూ మీటర్‌తో కొలుస్తూ ఉండండి. 4.20కి అటూ ఇటూ 0.02 లోపు ఆగాలి. ఏ సెల్ అయినా 4.25 చేరితే వెంటనే పీకేయండి. ఇది రెండుసార్లు సజావుగా జరిగితే అప్పుడు మంచి బ్యాటరీ.

చీలీ ఛార్జర్ ఫర్మ్‌వేర్ (ఛార్జర్‌ను నడిపే ప్రోగ్రామ్) వేస్తే బాగవుతుందా?

కాలిన భాగాన్ని ఫర్మ్‌వేర్ బాగు చేయదు. అది ఏట్‌మెగా32, లేదా కొన్ని నువోటాన్ ప్రాసెసర్లు ఉన్న బోర్డులకు ఎవరైనా ఉచితంగా వేసుకోగల ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. మెనూలు, కాలిబ్రేషన్ బాగుంటాయి. వోల్టేజ్ కొలత కాస్త తప్పుతున్న ఛార్జర్‌ను మీటర్‌తో సరిచూసి సర్దుకోవడానికి నిజంగా పనికొస్తుంది. అయితే పాత ఫర్మ్‌వేర్ తాళం వేసి ఉంటుంది, కాపీ తీసుకోలేరు, వెనక్కి వెళ్లే దారి లేదు. వేశాక కాలిబ్రేషన్ పూర్తి చేయకుండా లైపో పెట్టకూడదు.

ఎప్పుడు వదిలేయాలి? పారేసే ముందు ఏం తీసి పెట్టుకోవచ్చు?

ప్రాసెసర్ పోయినా, బోర్డు బొగ్గైనా, సెల్ వోల్టేజ్ ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తున్నా వదిలేయండి. చివరిది అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే పరీక్ష రోజు బాగానే ఉండి తర్వాతి రోజు తప్పొచ్చు. రెండు వరుసల తెర చాలా మోడళ్లలో మామూలు 16 x 2 (వరుసకు 16 అక్షరాలు) రకమే, ఆర్డుయినో ప్రాజెక్టుకు పనికొస్తుంది. అరటి సాకెట్లు, ఎక్స్‌హెచ్ సాకెట్లు, ఇండక్టర్, బజర్, ఫ్యాన్ ఉంటే అదీ తీసుకోండి. మిగిలిన బోర్డు ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. లీడ్‌లు మాత్రం పారేయొద్దు, వచ్చే ఛార్జర్‌కూ అవే సరిపోతాయి.